ఎవరో రాసిన ప్రోగ్రాం

1998లో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేం నేర్పడానికి మెయిన్‌ఫ్రేం అక్కర్లేదు. ఒక పెద్ద హాలు, నిండా ప్లాస్టిక్ కుర్చీలు, తెల్ల బోర్డు, మైకు, మెట్ల కింద ఒక జిరాక్స్ షాపు ఉంటే చాలు. మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద ఒక కాగితం ఆరకముందే దాని మీద ఇంకొకటి అంటించేవారు. అన్నింటి మీదా ఆ పెద్ద కంప్యూటర్లకు సంబంధించిన అవే మాటలు: కోబాల్, జేసీఎల్, వీసామ్, డీబీటూ, సీఐసీఎస్. కింద డెమో క్లాసు ఉచితమనీ, కొత్త బ్యాచ్ సోమవారమనీ ఉండేది. చెన్నైలో ఒక కంపెనీ తరఫున అమెరికా బీమా సంస్థ ప్రోగ్రాములు చూస్తూ కొన్నేళ్లు గడిపి, ఇంటికి దగ్గరవుదామని హైదరాబాద్ వచ్చాను. పగలు ఉద్యోగం, పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, సాయంత్రం ఏడింటికి ఇంకో బ్యాచ్.

వచ్చేవాళ్లలో కంప్యూటర్ చదివినవాళ్లు తక్కువ. సివిల్, మెకానికల్ ఇంజనీర్లు, బీఎస్సీ వాళ్లు, బ్యాంకు ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చినవాళ్లు ఉండేవారు. తెనాలి, నెల్లూరు, ఖమ్మం, కరీంనగర్ నుంచి వచ్చి, ఎస్.ఆర్.నగర్ గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండేవారు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టానని ఒకతను మొదటి రోజే చెప్పాడు. ఆ రోజు క్లాసులో నా గొంతు మామూలు కంటే కాస్త పెద్దగానే పలికింది.

అంత హడావుడి ఎందుకో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. 1960ల్లో, 70ల్లో కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికి చోటు దొరకడం ఖరీదైన వ్యవహారం. అందుకని సంవత్సరానికి నాలుగంకెలు కాకుండా రెండే వాడారు. 1967కు 67. 1999 దాటితే వచ్చేది 00. అది 1900 అని ప్రోగ్రాం అనుకుంటే ముప్ఫై ఏళ్ల మనిషి వయసు మైనస్‌లోకి పోతుంది, అప్పు మీద వడ్డీ తలకిందులవుతుంది. అమెరికా, యూరప్ బ్యాంకులు, బీమా కంపెనీలు, ప్రభుత్వ శాఖల్లో అప్పటికి ముప్ఫై ఏళ్లుగా పేరుకున్న కోబాల్ ప్రోగ్రాముల్లో తేదీ ఎక్కడెక్కడ దాక్కుందో వెతికి సరిచేయాలి. అందుకు మనుషులు కావాలి. అమెరికా తన హెచ్-1బీ వీసాల ఏడాది పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచుతూ 1998లో చట్టం చేసింది. ఆ వార్త పేపర్లో వచ్చిన వారం మా హాల్లో కుర్చీలు చాలలేదు.

ఇంత అవసరమైన విద్య కాలేజీల్లో ఎందుకు లేదని ఆ రోజుల్లోనే ఆలోచించేవాణ్ణి. మన దేశంలో పెద్ద చదువులకు పెద్ద యంత్రాలు లేకపోలేదు. 1963లోనే ఐఐటీ కాన్పూర్‌కు ఐబీఎం 1620 వచ్చింది. 1973లో ఐఐటీ మద్రాస్‌లో ఐబీఎం 370 పెట్టారు. అక్కడి పిల్లలు రాత్రంతా పంచ్ కార్డుల కట్టలు పట్టుకుని వరసలో నిలబడేవారని మా సీనియర్లు చెప్పగా విన్నాను. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లిపోయింది. 1992లో టాటాలతో కలిసి మళ్లీ వచ్చేనాటికి మన కాలేజీల్లో పీసీలు, యూనిక్స్ పెట్టెలు సర్దుకున్నాయి. మా ఎంసీఏ సిలబస్‌లో కోబాల్ ఉండేది. నాలుగు డివిజన్ల పేర్లు బట్టీ పట్టాం. కోడింగ్ షీట్ల మీద జీతాల పట్టీ ప్రోగ్రాం రాశాం. దాన్ని అసలు యంత్రం మీద నడిపించే జేసీఎల్ అన్న మాట మూడేళ్లలో ఒక్క మాస్టారి నోటా రాలేదు. వాళ్ల తప్పూ కాదు, వాళ్లూ చూడలేదు.

అందుకే బోర్డు మీదే యంత్రాన్ని కట్టాల్సి వచ్చింది. మా ఇన్‌స్టిట్యూట్‌లో టెర్మినళ్లు కొన్నే. ఎక్కడో ఉన్న యంత్రానికి లైను తీసుకున్నారు. అది రాత్రిపూట దొరికేది, అదీ కొందరికి. మిగిలినవాళ్లకు పీసీ మీద మైక్రో ఫోకస్ కోబాల్. కాబట్టి బోర్డు మీద ఎనభై గడులు గీసేవాణ్ణి. పంచ్ కార్డు మీద ఎనభై నిలువు వరసలు ఉండేవి కాబట్టి కోబాల్ లైనుకూ ఎనభై. మొదటి ఆరు వరుస సంఖ్యకు, ఏడోది వ్యాఖ్య గుర్తుకు, ఎనిమిది నుంచి ఒక రకం వాక్యాలు, పన్నెండు నుంచి ఇంకో రకం. డెబ్బై రెండు దాటితే రాసింది కంపైలర్ పట్టించుకోదు. కార్డులు పోయి ఎన్నేళ్లయినా గడులు పోలేదు.

జేసీఎల్ దగ్గర అందరూ తడబడేవారు. అందులో ముఖ్యమైన వాక్యాలు మూడే: పని పేరు, నడపాల్సిన ప్రోగ్రాం, అది వాడే ఫైళ్లు. కానీ పనిలో ఒక మెట్టు నడవాలా వద్దా అని చెప్పే కాండ్ అనే షరతు తిరకాసుగా ఉంటుంది. షరతు నిజమైతే ఆ మెట్టు నడవదు, దాటేస్తుంది. ప్రతి బ్యాచ్‌లోనూ దాని మీద గొడవే. "సార్, ఇది ఎవడు పెట్టాడు సార్?" అని వెనక వరస నుంచి అరిచేవారు.

వాళ్లను నవ్వించడానికి ఐఈఎఫ్‌బీఆర్14 అనే చిన్న ప్రోగ్రాం కథ చెప్పేవాణ్ణి. ఏ పనీ చేయకుండా పిలిచినవాడి దగ్గరకు తిరిగి వెళ్లిపోవడమే దాని పని. దాన్ని అడ్డం పెట్టుకుని ఫైళ్లు పుట్టిస్తాం, చెరిపేస్తాం. మొదట అందులో ఉన్నది ఒకే ఒక్క ఆజ్ఞ, 'తిరిగి వెళ్లు' అని. దాన్లోనూ తప్పు దొరికింది. పని సవ్యంగా అయిందా లేదా అని చెప్పే సంఖ్య పదిహేనో రిజిస్టర్‌లో ఉండాలి. ఈ ప్రోగ్రాం దాన్ని సున్నా చేయడం మర్చిపోయింది. అంతకు ముందు అక్కడ ఏ చెత్త ఉంటే అదే ఫలితంగా బయటికొచ్చేది. సరిచేయడానికి ఇంకో ఆజ్ఞ చేర్చారు, ప్రోగ్రాం రెట్టింపయింది. హాలంతా నవ్వులు. ఆ తర్వాత, "ఒక్క లైనులోనే ఇలా ఉంటే పదివేల లైన్లలో ఎలా ఉంటుందో చూడండి" అనేవాణ్ణి.

నవ్వు ఆగాక చుక్క పాఠం. పాత కోబాల్‌లో 'అయితే' అనే షరతు ఎక్కడ ముగుస్తుందో చెప్పేది వాక్యం చివరి చుక్క మాత్రమే. ఆ తర్వాతి కోబాల్‌లో ఎండ్-ఇఫ్ వచ్చింది గానీ, సరిచేయాల్సిన ప్రోగ్రాములు అంతకు ముందువి. బాకీ ఉన్న ఖాతాకు జరిమానా వేయమనే చోట ఒక చుక్క ఒక లైను ముందు పడితే, జరిమానా అందరికీ పడుతుంది. కంపైలర్ ఏమీ అనదు. అచ్చు తీసిన కాగితం మీద ఆ చుక్క కళ్లద్దాలకు అంటిన దుమ్ములా కనిపిస్తుంది.

అయినా క్లాసు అయ్యాక అందరూ అడిగేది ఒకటే: "ఇంటర్వ్యూలో ఏమడుగుతారు సార్?" ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాడు మెట్ల మీద కూర్చుని ప్రశ్నలు చెబుతుంటే చుట్టూ పదిమంది రాసుకునేవారు. రెండు రోజుల్లో అవి జిరాక్స్ షాపులో పుస్తకమై అమ్ముడయ్యేవి. 'సాక్ సెవెన్' లోపం అంటే ఏమిటి అని అడిగితే అంకెలు ఉండాల్సిన చోట అంకెలు కానిది వచ్చిందని ఠక్కున చెప్పేవారు. అది వచ్చినప్పుడు తెర మీద కనిపించే మెమరీ డంపును మాత్రం చాలామంది చూసి ఉండరు. మూడేళ్ల అనుభవం మూడు నెలల్లో బయోడేటాలోకి చేరడం కూడా నా కళ్లముందే జరిగింది. దాని గురించి ఎక్కువ చెప్పను. అందరికీ తెలిసిందే.

ఆ బ్యాచ్‌ల్లో ఒక పశువుల డాక్టరు గారు ఉండేవారు. నాకంటే వయసులో పెద్దవారు, నన్ను 'సార్' అంటుంటే నాకే ఇబ్బందిగా ఉండేది. కంపెనీ ప్రోగ్రాములు బయటకు తేకూడదు కాబట్టి, పాత పద్ధతిలో నేనే కొన్ని రాసి, వ్యాఖ్యలు తీసేసి, అచ్చు వేసి పంచేవాణ్ణి. అందరూ పైనుంచి కిందకి చదివి అలసిపోయేవారు. ఆయన మాత్రం ముందు ఫైళ్ల వివరాలు చూసి, చివరికి ఏం రాస్తోందో చూసి, అప్పుడు మధ్యలోకి వచ్చేవారు. పెన్సిల్‌తో తేదీ ఉన్న ప్రతి చోటా గీత గీసేవారు. "ఎలా పట్టుకున్నారండీ?" అని అడిగితే, "గేదె తన జబ్బేమిటో చెప్పదు కదండీ. ఏం తిన్నదో, ఏం వేసిందో చూడాలి, ఆ తర్వాతే పొట్ట మీద చెయ్యి" అన్నారు.

నా పాఠం ఆ రోజు నుంచి మారింది. అంతవరకు ప్రోగ్రాం రాయడం నేర్పుతున్నాను. ఉద్యోగంలో వాళ్లు రాసేది రోజుకు పది లైన్లు, చదివేది వందలు. అవీ ఎవరో రాసినవి. రాసినవాడు రిటైరై ఉంటాడు, లేదా పోయి ఉంటాడు. చదవడం నేర్పే క్లాసు అమీర్‌పేటలోనూ లేదు, యూనివర్సిటీలోనూ లేదు. అప్పట్నుంచి బ్యాచ్‌లో సగం రోజులు కాగితాలు పంచి, నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. "సార్ పాఠం చెప్పట్లేదు" అని ఆఫీసులో ఫిర్యాదు కూడా వెళ్లింది.

తేదీ సరిచేయడానికి రెండు దారులు. సంవత్సరాన్ని నాలుగంకెలకు పెంచడం ఒకటి. దానికి ఫైళ్లన్నీ, వాటిని వాడే ప్రోగ్రాములన్నీ మార్చాలి. రెండోది కిటికీ పద్ధతి. ఫైలు ముట్టుకోకుండా, రెండంకెల సంవత్సరం 50 కంటే తక్కువైతే ముందు 20, లేకపోతే 19 అని ప్రోగ్రాంలో రాసేయడం. గడువు తరుముతోంది కాబట్టి ఎక్కడ చూసినా రెండోదే. నేనూ బోర్డు మీద అదే రాశాను, పిల్లలూ అదే రాసుకున్నారు.

1999 డిసెంబర్ 31 రాత్రి ఆఫీసులోనే ఉన్నాం. బిర్యానీ తెప్పించారు. పన్నెండయింది, ఏమీ కాలేదు. ఫిబ్రవరి 29న మళ్లీ కాపలా కాశాం. వంద ఏళ్ల మలుపులో లీపు దినం మామూలుగా ఉండదు, నాలుగు వందల ఏళ్లకోసారి ఉంటుంది, ఆ లెక్క కొన్ని ప్రోగ్రాములకు తెలియదు. అదీ గడిచింది. ఏడాది తిరిగేసరికి గోడల మీద కాగితాలు జావాకు మారిపోయాయి. అమెరికా వెళ్లినవాళ్లలో కొందరు పని పోయి తిరిగొచ్చారు. మా హాల్లో ఒరాకిల్ క్లాసులు మొదలయ్యాయి.

2000ల మధ్యలో కోస్తాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. మెయిన్‌ఫ్రేం నేర్పడానికి కాదు, డేటా స్ట్రక్చర్లు చెప్పడానికి. అప్పటికి ఐబీఎం సంస్థే తన పెద్ద యంత్రాలను చూసుకునే తరం రిటైరవుతోందని గ్రహించి కాలేజీలకు పాఠాలు, దూరం నుంచి యంత్రం వాడుకునే వీలు ఇవ్వడం మొదలుపెట్టింది. అమెరికాలో 2005లో విద్యార్థులకు మాస్టర్ ద మెయిన్‌ఫ్రేం అనే పోటీ పెట్టింది. ఐచ్ఛికంగా ఒక పేపరు పెడదామని మా హెచ్ఓడీ గారిని అడిగాను. "అది చచ్చిపోలేదా సార్?" అన్నారు. "మీ ఏటీఎం కార్డు వెనకాల ఎక్కడో అదే ఉండొచ్చు సార్" అన్నాను. ఆయన జేబులో పర్సు తడుముకుని సంతకం పెట్టారు.

అనుమతి వచ్చింది గానీ ల్యాబ్ నుంచి బయటి యంత్రానికి దారి దొరకలేదు. నెట్ అడ్డుగోడలో ఆ ద్వారం తెరవమని ఎన్నిసార్లు రాసినా, భద్రత పేరు చెప్పి మూసేసేవారు. అప్పుడు హెర్క్యులీస్ దొరికింది. పాత ఐబీఎం యంత్రాన్ని మామూలు పీసీ మీద అనుకరించే ప్రోగ్రాం అది. రోజర్ బౌలర్ అనే ఆయన 1999లో మొదలుపెట్టారు. దాని మీద 1980ల తొలినాళ్ల ఎంవీఎస్ 3.8జే అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది, ఖర్చు లేదు. ల్యాబ్ మూలన పక్కన పడేసిన ఒక పీసీ మీద ఎక్కించాను. మా ల్యాబ్ అటెండర్‌కి దాన్ని లేపడం నేర్పాను. తెర మీద సందేశాలు ఒకదాని తర్వాత ఒకటి పరిగెత్తుతుంటే ఆయన పక్కన నిలబడి, ప్రశ్న వచ్చిన చోట జవాబు కొట్టి, "లేచింది సార్" అనేవారు. పిల్లలకు ఆయనే ఆపరేటర్ గారు. నిజమైన డేటా సెంటర్లో ఆ పనికి ఉండే పేరు కూడా అదే.

ఆ పాత వ్యవస్థలో పాత కోబాలే ఉంది. ఎండ్-ఇఫ్ లేదు. నా చుక్క పాఠానికి మళ్లీ ప్రాణం వచ్చింది. సాక్ సెవెన్ కూడా మొదటిసారి అందరూ కళ్లారా చూశారు. ఫైల్లో సొమ్ము మొత్తం ఉండాల్సిన చోట ఖాళీ వదిలి నడపమన్నాను. ఐబీఎం యంత్రంలో ఖాళీ అంటే హెక్స్‌లో 40. ప్యాక్ చేసిన సంఖ్యలో చివరి సగం బైటు ప్లస్సా మైనస్సా అని చెప్పే గుర్తు కావాలి, అక్కడ సున్నా ఉంది. యంత్రం ఆగిపోయింది. డంపు కాగితాలు బల్లల మీద పరిచి, 40లు కనిపించిన చోట పిల్లలు స్కెచ్ పెన్నుతో వలయాలు చుట్టారు.

యూనివర్సిటీ పరీక్షలో మాత్రం 'జేసీఎల్ అనగానేమి, వివరింపుము' అనే వచ్చేది. దాని జోలికి పోలేదు. ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి కాబట్టి చదివే పరీక్ష పెట్టాను. వ్యాఖ్యల్లేని ప్రోగ్రాం అచ్చు ఇస్తాను. ఇది ఏం చేస్తోంది, ఫలానా లైను తీసేస్తే ఎవరికి నష్టం అన్నవి రెండే ప్రశ్నలు. మొదట్లో మంచి ర్యాంకు పిల్లలు కూడా సున్నాకు దగ్గరగా వచ్చారు. కొత్తది రాయమంటే గంటలో రాసేవారు. ఇంకొకరిది చదవమంటే తలనొప్పి అనేవారు.

పాలకొల్లు నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఒకసారి ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. అది నేను అమీర్‌పేటలో వాడిన ప్రోగ్రామే.

"సార్, ఏడాది 50 కన్నా తక్కువైతే ముందు 20 పెడుతున్నారు. మరి 2050 వస్తే?"

"1950 అయిపోతుందమ్మా."

"ఎవరూ సరిచేయరా?"

"అప్పటికి ఈ ప్రోగ్రాం ఉండదనుకున్నాం."

"రెండంకెలు పెట్టినవాళ్లు కూడా అదే అనుకుని ఉంటారు కదా సార్?"

పక్క బల్ల దగ్గర దిద్దుకుంటున్న మేడం గారు పెన్ను ఆపి చూశారు. ఆ అమ్మాయికి పూర్తి మార్కులు వేశాను. తర్వాతి ఏడాది నుంచి ఆ ప్రశ్న కూడా పేపర్లో చేరింది: ఈ ప్రోగ్రాం ఏ రోజున తప్పుతుంది?

2020 ఏప్రిల్లో, లాక్‌డౌన్‌లో ఇంట్లో ఉండగా అమెరికాలోని ఎడిసన్ నుంచి పాత శిష్యుడు ఫోన్ చేశాడు. "సార్, మా గవర్నర్ టీవీలో కోబాల్ వచ్చినవాళ్లు కావాలంటున్నాడు." న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ అన్న ఆ మాట అప్పట్లో అన్ని పేపర్లలోనూ వచ్చింది. ఒక్కసారిగా ఉద్యోగాలు పోయినవాళ్లు నిరుద్యోగ భృతికి దరఖాస్తులు పెట్టుకుంటుంటే పాత వ్యవస్థలు తట్టుకోలేకపోయాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే ఓపెన్ మెయిన్‌ఫ్రేం ప్రాజెక్ట్ వాళ్లు ఉచితంగా ఒక కోబాల్ కోర్సు బయటపెట్టారు. పాత టెర్మినళ్ల ఆకుపచ్చ తెర అక్కర్లేదు, మామూలుగా వాడే వీఎస్ కోడ్ ఎడిటర్‌లోనే రాసి, దూరాన ఉన్న యంత్రానికి పంపొచ్చు. మా ఆన్‌లైన్ క్లాసుకు దాన్నే తీసుకున్నాను. ల్యాప్‌టాప్ ఉన్న పిల్లలు కొద్దిమందే. మిగిలినవాళ్లు ఊళ్లలో డాబా ఎక్కి సిగ్నల్ వెతుక్కుంటూ ఫోన్లో వినేవారు. వాళ్ల కోసం చదివే పరీక్షనే పెద్దది చేశాను. ప్రోగ్రాం చదవడానికి ఫోను చాలు. ఆ ఏడాది వచ్చినంత మంచి జవాబులు ల్యాబ్ ఉన్న రోజుల్లో కూడా రాలేదు.

ఇప్పుడు పిల్లలు ఆ పరీక్ష కాగితాన్ని ఫొటో తీసి ఏఐకి పెడుతున్నారు. అది చక్కగా జవాబిస్తోంది, నేను కాదనను. ఈ ప్రోగ్రాం వడ్డీ లెక్కిస్తుంది, కోడ్ 9 ఉన్న ఖాతాలను వదిలేస్తుంది అని చెబుతుంది. "ఎందుకు వదిలేస్తుంది?" అంటాను. పిల్లాడు ఫోన్లో మళ్లీ అడుగుతాడు. బహుశా మూసేసిన ఖాతాలు కావచ్చు అంటుంది. "బహుశాతో బ్యాంకు నడుస్తుందా?" అంటాను. అప్పుడు ఫైలు తెరుస్తారు. కోడ్ 9 ఖాతాలు మూసినవి కాదు, కోర్టు కేసులో ఉన్నవి. ఆ సంగతి ప్రోగ్రాంలో ఎక్కడా లేదు. ఇంకో ఫైల్లో ఒక వివరణ గడిలో ఉంది. ఎక్కడ వెతకాలో తెలిసినవాడికే అది దొరుకుతుంది.

ఆ మధ్య మా కాలేజీకి స్వయంప్రతిపత్తి వచ్చాక బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశంలో ఒక ప్రతిపాదన పెట్టాను. కోబాల్ ఉన్నా లేకపోయినా సరే, ఏ భాషైనా సరే, ఒక సెమిస్టర్ ల్యాబ్‌లో కొత్త ప్రోగ్రాం ఒక్కటీ రాయకూడదు, ఇంకొకరివి చదివి, ఒక్క లైను మాత్రమే మార్చాలి. చాలాసేపు వాదన జరిగింది. పరిశ్రమ తరఫున వచ్చిన ఒకాయన గట్టిగా మద్దతిచ్చారు, లేకపోతే అది వీగిపోయేదే. చివరికి ఒక పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "అంతా బాగుంది గానీ, ఫారంలో పాఠ్యపుస్తకం పేరు రాయాలి. ఏం రాయమంటారు?" అన్నారు.

"నిరుడు ఈ కాలేజీ నుంచి బయటికి వెళ్లినవాళ్ల ప్రాజెక్టులు అని రాయండి సార్."

అలాగే రాశారు. మొదటి సెమిస్టర్ నడుస్తుండగానే బెంగళూరులో, హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మా పాత పిల్లలకు రాత్రిళ్లు ఫోన్లు వెళ్లాయి. "అన్నా, మీ ప్రాజెక్టులో ఈ 999 ఎందుకు పెట్టారు?" అని అడుగుతున్నారట. ఏం చెప్పావురా అని ఒకణ్ణి అడిగాను.

"ఏం చెబుతాను సార్, నాకే గుర్తులేదు. చదివి, వాళ్లనే నాకు చెప్పమన్నాను."